చక్రం ఇచ్చినవాడు

"మారెషాల్లో గారూ, పోయినవాడి మీద చెడ్డమాట నా నోటంట రాదు. ఇవాళ్టికి రాదు," అన్నాడు నెవియో.

"ఇవాళ్టికి అంటే? రేపటికి వస్తుందా?"

అడిగింది నేను, ఈ కొండల్లో కారబినియేరీ పోలీసు దళానికి మారెషాల్లోని, అంటే ఠాణా అధికారిని. వాల్‌మోరా చౌకులో నిలబడి, నెవియో చేతికి కట్టిన నల్ల రిబ్బను ముడి బిగించుకున్నాడు. చుట్టూ ఎనభైమంది సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డారు. అందరి చేతులకీ అవే రిబ్బన్లు. ఏడు కనుమల పందెంలో ఆఖరి రోజు. నిన్న మధ్యాహ్నం కోర్వా కనుమ దిగుతూ, నాలుగో మలుపు దగ్గర ఒరెస్తే బ్రెస్సాన్ గోడ మీంచి లోయలో పడ్డాడు. అప్పటికి నారింజ జెర్సీ అతని ఒంటి మీదే ఉంది. అంటే అన్ని రోజుల సమయం కలిపి చూస్తే పందెంలో అందరికన్నా ముందున్నవాడు అతనే. చీకటి పడేలోపు ఆస్పత్రిలో ప్రాణం పోయింది. పందెం మాత్రం ఆగలేదు. మా దేశంలో దేవుడు చచ్చినా ఆదివారం పందెం ఆగదు.

నెవియో అతని గ్రెగారియో. అంటే బంటు. నాయకుడికి నీళ్ళు మోస్తాడు, ఎదురుగాలికి అడ్డం నిలుస్తాడు, నాయకుడి టైరు పంక్చరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చి తాను రోడ్డు పక్కన నిలబడతాడు. నిన్న చేసింది కూడా అదే. కోర్వా శిఖరం ఇంకా కాస్త దూరం ఉందనగా ఒరెస్తే వెనక టైరు పంక్చరైంది. నెవియో తన వెనక చక్రం ఇచ్చేశాడు. ఆ చక్రం మీదే ఒరెస్తే చావు దాకా వెళ్ళాడు.

"ఇచ్చాక ఏమైంది?" అన్నాను.

"ఏముంది సార్, ఆయన పంక్చరు చక్రం చేత్తో పట్టుకుని నిలబడ్డా. మా జట్టు కారొచ్చింది. గ్వాల్తియేరో గారు ఆపారు. నా చేతిలో ఉన్నది చూశారు. మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. 'నీ చక్రం ఏదిరా?' అన్నారు. ఒరెస్తేకిచ్చానన్నాను. అంతే. నాకు చక్రమన్నా ఇవ్వకుండా, హారను కొట్టుకుంటూ పైకి పోయారు. వెనక సామాన్ల లారీ వచ్చేదాకా నేనక్కడే."

గ్వాల్తియేరో ఆ జట్టు డైరెక్టరు. నాయకుడి టైరు పంక్చరైతే డైరెక్టరు మొహం తెల్లబడటంలో వింతేముంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

"పియెవెత్తా సంగతి నీ మనసులో ఇంకా ఉందా?" అని సూటిగా అడిగాను.

అతని దవడ బిగిసింది. పందెం ఒక రైడరు సొంత ఊరి మీంచి వెళ్తుంటే మిగతావాళ్ళు కాస్త నెమ్మదించి అతణ్ణి ముందుకు పోనిస్తారు. అతను దిగి, తల్లికి ముద్దుపెట్టి, తండ్రి చేతి వైను గుక్కెడు తాగి, మళ్ళీ గుంపులో కలుస్తాడు. ఎంత పగవాడైనా దానికి అడ్డు చెప్పడు. నాలుగు రోజుల క్రితం పందెం నెవియో ఊరు పియెవెత్తా మీంచి పోయింది. నెవియో ముందుకెళ్ళాడు. అతన్ని తరిమి పట్టుకున్నది శత్రు జట్టు కాదు, సొంత నాయకుడు ఒరెస్తే. ఆ సందులో ప్రత్యర్థి ఎవడైనా జారుకుంటాడేమోనని అతని భయం. ఊరి బాండు మేళం సగం పాటలో ఆగిపోయింది.

"మా నాన్న వైను గ్లాసు పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డాడు సార్. మేం ఆయన్ని దాటి వెళ్ళిపోయాం. 'బంటు బంటులా ఉండాలి' అన్నాడు ఒరెస్తే, నా పక్కనొచ్చి. దానికి చంపుతారా ఎవరైనా? నేను చంపను. కానీ నోరు మూసుకోవాల్సిన అవసరం కూడా ఇంక లేదు."

భుజాన ఉన్న సంచిలోంచి ఒక టైరు తీసి నా చేతిలో పెట్టాడు. ఒరెస్తే చక్రం మీంచి ఊడదీసిన పంక్చరు టైరు.

"కారు నన్నొదిలేసి పోయింది కాబట్టి ఇది నా దగ్గర మిగిలింది. తడిమి చూడండి. ఏం కనబడుతుందో మీకే కనబడనివ్వండి. సాయంత్రం గీత దాటాక, ఈ రిబ్బను విప్పాక, మీరడిగినా అడక్కపోయినా అంతా చెప్తా. మీకూ చెప్తా, పేపరోళ్ళకీ చెప్తా."

"సాయంత్రం ఏం చెప్తావురా?"

వెనక్కి తిరిగాను. గ్వాల్తియేరో! పెద్ద పొట్ట, నెరిసిన మీసం, రాత్రంతా నిద్ర లేని కళ్ళు. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలీదు. నేను టైరును కోటు కింద పెట్టేశాను.

"ఏం లేదు సార్," అన్నాడు నెవియో, నేల చూస్తూ.

"జెండా ఊపబోతున్నారు, నీకిక్కడ ముచ్చట్లా? ఏమండీ మారెషాల్లో! నా కళ్ళతో చూశాను, ఆ రెండో స్థానపు అల్వీజే గాడు ఒరెస్తేకి అడ్డం తిరిగాడు. రాసి సంతకం చేసిచ్చాను. హంతకుణ్ణి పట్టుకున్నాక కూడా నా పిల్లల్ని పీడిస్తారేం? నా బిడ్డలాంటివాడు పోయాడు నాకు!" కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"నన్ను వెళ్ళనివ్వండి సార్," అన్నాడు నెవియో నాతో. "ఇవాళొక్క రోజు ఆయన కోసం తొక్కుతాను."

భుజం తట్టి పంపించాను.

*

కోర్వా నాలుగో మలుపు దగ్గర నాకన్నా ముందే నగర పోలీసుల జీపు ఆగి ఉంది. దాని బానెట్టుకు ఆనుకుని ఇన్‌స్పెక్టర్ లాన్‌ఫ్రాంకి సిగరెట్టు కాలుస్తున్నాడు. పక్కన, చేతులకు బేడీలతో, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి. అతనే అల్వీజే మరంగోన్, ముప్ఫై ఎనిమిది సెకన్ల తేడాతో రెండో స్థానంలో ఉన్నవాడు. నుదుటి మీద ఎండిన రక్తం చార. నిన్న గీత దగ్గర ఎవడో అభిమాని విసిరిన రాయి గుర్తు.

"రండి రండి," అన్నాడు లాన్‌ఫ్రాంకి. "కారబినియేరీ వాళ్ళు లేనిదే కొండ మీద గడ్డి కూడా మొలవదుగా."

"ఇది నా పరిధి. ఇతన్ని ఎవరి అనుమతితో ఇక్కడికి తెచ్చారు?"

"మేజిస్ట్రేట్ గారి అనుమతితో. తప్పు ఎలా చేశాడో జరిగిన చోటే చేసి చూపిస్తాడు, సంతకం పెడతాడు, మధ్యాహ్నానికి లోపలుంటాడు. జట్టు డైరెక్టరు కళ్ళారా చూశానన్నాడు. ఇంకేం కావాలి మీకు? చచ్చినవాడి సాక్ష్యమా?"

"దొరికితే అదీ తీసుకుంటాను."

మా డ్రైవరు పిన్నా వ్యాను వెనక తలుపు తీసి ఒరెస్తే సైకిలు దించాడు. అల్వీజే మొహం తిప్పేసుకున్నాడు. సైకిలు ముందు భాగం వంగి నలిగిపోయింది. వెనక చక్రం రిమ్ము మాత్రం ఒక పక్క సొట్టతో బయటపడింది. దాని టైరు ఊడి గొలుసుకు చుట్టుకుని ఉంది.

నేను రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. తారు మీద తెల్లగా ఒక గీటు ఉంది. ఒట్టి రిమ్ము నేలను గీకితే పడే గీటు. దాని వెంట వెనక్కి నడిచాను. నేననుకున్నంత దగ్గర్లో అది మొదలవలేదు. మలుపు ఇంకా రాకముందే, రోడ్డు తిన్నగా ఉన్నచోటే, బ్రేకు పట్టే చోటే మొదలైంది.

"లాన్‌ఫ్రాంకి గారూ, అల్వీజే ఇతనికి అడ్డం తిరిగిందెక్కడ?"

"మలుపు మధ్యలో. సాక్షి అదే చెప్పాడు."

"మలుపు మధ్యలో అడ్డం తిరిగితే టైరు మలుపుకు ముందే ఎలా ఊడింది? భయపడి ముందే దిగిపోయిందా?"

లాన్‌ఫ్రాంకి సిగరెట్టు పారేసి వచ్చాడు. గీటు చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదుగాని, బూటుతో దాన్ని ఒకసారి రాశాడు, చెరిగిపోతుందేమోనని. గీటు చెరగలేదు.

"ఇప్పుడిది చూడండి." వెనక చక్రం విప్పి అతని ముక్కు కింద పెట్టాను. రేసు టైరు మామూలు టైరులా రిమ్ములోకి కరుచుకోదు. ట్యూబు చుట్టూ గుడ్డ కుట్టి, ఆ మొత్తాన్ని రిమ్ము మీద జిగురుతో అంటిస్తారు. టైరు ఊడదీస్తే రిమ్ము నిండా ముదురు రంగు జిగురు, దానికి పట్టుకున్న గుడ్డ పోగులు కనబడాలి. ఈ రిమ్ము మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తోంది. గాలి పోసే చోట రెండు చుక్కలు తప్ప ఎక్కడా జిగురు లేదు.

"ఇలా ఎక్కించిన టైరు గాలి బలంతో ఎక్కుడు మీద ఎలాగో నిలబడుతుంది," అన్నాను. "దిగుడులో గట్టిగా బ్రేకు వేసి వంచితే నిలబడదు. ఈ మనిషిని చంపింది అల్వీజే కాదు. ఈ చక్రం."

"అమ్మయ్య," అన్నాడు అల్వీజే. అప్పటిదాకా అతను నోరు విప్పలేదు. "రాత్రి నుంచీ చెప్తున్నా, నేను ముట్టుకోలేదని. సైకిలు చెప్తేగానీ నమ్మరా మీరు?"

"నోర్ముయ్," అన్నాడు లాన్‌ఫ్రాంకి. నా వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "థాంక్స్ మారెషాల్లో. కేసు సులువు చేశారు. చక్రం నెవియోది. సొంతూళ్ళో పరువు తీసినందుకు పగ పట్టాడు. జిగురు లేని చక్రం తగిలించాడు. సాయంత్రం వాణ్ణి కూడా పట్టుకొస్తా."

"నిన్న కోర్వాకి ముందు రెండు కనుమలు దిగారు. జిగురు లేని చక్రం మీద నెవియో ఆ రెండూ ఎలా దిగాడు? దణ్ణం పెట్టుకునా?"

అల్వీజే ఫక్కున నవ్వాడు. మంచి నవ్వేం కాదు.

"ఆ చక్రం పొద్దుటిది కాదు సార్. నిన్న లోయలో తిండి సంచులిచ్చే చోట, కోర్వా ఎక్కుడు మొదలవకముందు మార్చారు. మేమంతా చూశాం, నవ్వుకున్నాం కూడా. నెవియో టైరు శుభ్రంగా ఉంది. వాళ్ళ ముసలాడే, గ్వాల్తియేరో, కారు పక్కకు తెచ్చి 'టైరు మెత్తబడిందిరా, ఆగు' అని అరిచాడు. మెకానిక్కు పక్కన కూర్చుని ఉండగా తనే దిగి చక్రం మార్చాడు. 'ఒరేయ్ నెవియో, నీకెప్పట్నుంచి ఈ రాజభోగం?' అని నేనే ఏడిపించా."

నేను చక్రం కిందపెట్టాను. లోపల ఏదో కదిలింది గాని ఇంకా రూపం కట్టలేదు. గ్వాల్తియేరో తన నాయకుణ్ణి తనే చంపుకుంటాడా? ఒరెస్తే లేకపోతే ఆ జట్టు లేదు, ఆ మనిషి లేడు. పొద్దున చూసిన కన్నీళ్ళు దొంగ కన్నీళ్ళు కావు. అబద్ధపు ఏడుపులు నా ఉద్యోగంలో చాలా చూశాను.

కోటు కింది నుంచి పంక్చరు టైరు తీశాను. గాలి ఊది, వేలితో తడుముతూ పోయాను. రోడ్డు మీద మేకులూ గాజుముక్కలూ టైరుకు అడుగు భాగాన గుచ్చుకుంటాయి. ఈ రంధ్రం అక్కడ లేదు. పక్కన ఉంది. గుండ్రంగా, సన్నగా, సూది పెట్టి పొడిచినట్టు.

లాన్‌ఫ్రాంకి నా భుజం మీంచి తొంగిచూశాడు. ఒక్కసారిగా అతని గొంతు లేచింది.

"చూశారా! పంక్చరు కాదు, పొడిచారు! ఎవరు పొడిచారు? ఆ ఎక్కుడులో ఒరెస్తే పక్కనున్నది ఇద్దరే. ఒకడు నెవియో, ఒకడు వీడు. ఇద్దరూ కూడబలుక్కున్నారు. ఒకడు చక్రం తెచ్చాడు, ఇంకొకడు టైరు పొడిచాడు. మారెషాల్లో, మీరు ఇంటికెళ్ళి పడుకోండి. మీ మేలు మర్చిపోను."

అల్వీజే బేడీల చేతులు పైకెత్తాడు. "ముందు పోయేవాడు వెనక వచ్చేవాడి టైరు ఎలా పొడుస్తాడయ్యా?" అని అరిచాడు. "ఎనిమిది రోజులు! ఎనిమిది రోజులు నా వెనక చక్రానికి అతుక్కుని కూచున్నాడు! ఒక్కసారి ముందుకు రాలేదు, ఒక్కసారి గాలి ముఖాన పడనివ్వలేదు. నా నీడకైనా మధ్యాహ్నం విశ్రాంతి ఉంటుంది, ఒరెస్తేకి లేదు. ముప్ఫై ఎనిమిది సెకన్లు ముందున్నాడు, వాటిని ముసలమ్మ కోడిపెట్టని దాచుకున్నట్టు దాచుకున్నాడు. అదీ వాడి పోరు. నా చెయ్యి వాడి వెనక టైరు దాకా ఎలా పోతుంది? నాకేమన్నా తోకుందా?"

"అరవకు. నిన్నటి ఎక్కుడు మొదట్నుంచి చెప్పు," అన్నాను. "ఒక్క ముక్క వదలకు. సరిగ్గా చెప్పకపోతే ఈయన నిన్ను తీసుకుపోతాడు, నేను ఆపలేను."

అతను గోడ మీద కూర్చున్నాడు. బేడీల చేతుల్ని మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"వాణ్ణి విదిలించుకోడానికి నాలుగుసార్లు ముందుకు ఎగిరాను. మూడుసార్లు అతుక్కునే వచ్చాడు. నాలుగోసారి, దారిలోని చిన్న చర్చి దాటాక, వాడి ఊపిరి చప్పుడు మారింది. చంక కిందుగా వెనక్కి చూశా. సైకిలు పొడుగంత వెనకబడ్డాడు. ఇంక పది తొక్కులు తొక్కితే పందెం నాదే. నెవియో అప్పటికింకా వాడి వెనకే ఏడుస్తూ లాక్కొస్తున్నాడు. సరిగ్గా అప్పుడు ఒరెస్తే చెయ్యెత్తాడు. పంక్చర్."

"నువ్వు ఆగావు."

"ఆగక? నారింజ జెర్సీవాడికి పంక్చరైతే వదిలేసి పోతే మళ్ళీ ఏ ఊళ్ళో అయినా తల ఎత్తుకోగలనా? జనం రాళ్ళేస్తారు. ఆగాను. అయినా వేశారనుకోండి." నుదురు తడుముకున్నాడు. "నెవియో చక్రమిచ్చాడు. ఒరెస్తే నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ వచ్చి మళ్ళీ నా వెనకే కూచున్నాడు. దేవుడు వాడి పక్షాన ఉన్నాడనుకున్నా. ఈ పందెంలో ఇది మూడోసారి మరి."

"ఏది మూడోసారి?"

"పంక్చరు. నేను విడిపించుకునే ప్రతిసారీ దరిద్రుడికి పంక్చరే. పేపర్లు 'దురదృష్టవంతుడు' అని రాశాయి. నేను ఆగాను, పెద్దమనిషినని రాశాయి."

నా చేతిలోని టైరు బరువెక్కినట్టనిపించింది.

"చెయ్యెత్తే ముందు ఏం చేశాడు? బాగా గుర్తు తెచ్చుకో. చంక కిందుగా చూశానన్నావు."

"ఏం చేస్తాడు? టైరు తుడుచుకుంటున్నాడు. గులకరాళ్ళ మీద నుంచి వచ్చాం కదా. ఒక చెయ్యి వెనక్కి పెట్టి తొడుగుతో టైరు రుద్దుకోడం. మేమంతా రోజుకు వందసార్లు చేస్తాం. రాళ్ళు గుచ్చుకోకుండా..."

మాట మధ్యలో ఆగిపోయాడు. నన్ను చూశాడు. నేను సైకిలును చూస్తున్నాను.

"ఒరేయ్ ఒరెస్తే," అన్నాడు అల్వీజే చాలా నెమ్మదిగా.

ఒరెస్తే తొడుగులూ టోపీ చొక్కా జేబులూ నిన్ననే వెతికాం. ఏమీ లేవు. కానీ తొక్కేవాడికి చెయ్యి అందే చోటు ఇంకొకటుంది. కిందికి వంగిన హ్యాండిలు కొనలు. ఆ గొట్టాల చివర మా వాళ్ళు వైను సీసాల బిరడాలు కొడతారు, పడ్డప్పుడు గొట్టం తొడలోకి దిగకుండా. ఎడమ బిరడా నలిగి ఉంది. కుడి బిరడా బాగానే ఉంది. దాని మధ్యలో, నల్ల దారపు ముక్క ఒకటి, చిన్న ఉచ్చులా బయటికి వచ్చి ఉంది.

గోటితో పట్టుకుని లాగాను. టైర్లు కుట్టే సూది. దాని మొనకు రబ్బరు మరక.

అల్వీజే కళ్ళు తుడుచుకున్నాడు. అది దుఃఖమో కోపమో నేను చెప్పలేను. బహుశా రెండూ.

"మూడుసార్లు ఆగాను," అన్నాడు. "వాడి సూది కోసం మూడుసార్లు ఆగాను నేను! మర్యాదకని ఆగాను!"

"సరే," అన్నాడు లాన్‌ఫ్రాంకి. గొంతులో మునుపటి బిగువు లేదు. కానీ ఓడిపోవడం ఆయనకు అలవాటు లేదు. "సరే. మోసగాడు. తన టైరు తనే పొడుచుకున్నాడు, ఓడిపోకుండా. ఎవడు తీసిన గోతిలో వాడు పడ్డాడు. అయితే ఏంటి? చక్రానికి జిగురు లేకుండా చేసినవాడు హంతకుడే కదా. గ్వాల్తియేరో అంటారా? సొంత నాయకుణ్ణి ఎందుకు చంపుతాడు?"

"చంపలేదు," అన్నాను.

"మరి?"

"నిన్న కోర్వా మీద ఒరెస్తే టైరు పంక్చరవుతుందని ముందుగా ఎవరికి తెలుసు? ఒరెస్తేకి తప్ప దేవుడికి కూడా తెలీదు. తనకు ఊపిరి ఆడకపోతేనే కదా సూది తీసేది. మరి ఆ చక్రం ఒరెస్తే కిందికి వస్తుందని ఎవరనుకుంటారు? ఎవరూ అనుకోరు. దాన్ని తగిలించింది నెవియో సైకిలుకు. నెవియో దాని మీద కోర్వా ఎక్కాలి, నాయకుల వెనక ఎక్కడో ఒంటరిగా, కోర్వా దిగాలి. బంటు లోయలో పడితే పేపర్లో రెండు లైన్లు. చక్రం ఎవడూ తిరగేసి చూడడు."

లాన్‌ఫ్రాంకి వంగి ఆ రిమ్మును మళ్ళీ చూశాడు.

పొద్దున నెవియో చెప్పిన ప్రతి మాటా ఇప్పుడు నా చెవుల్లో తిరిగింది. మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. 'నీ చక్రం ఏదిరా?' నాయకుడికి పంక్చరైందన్న బెంగ కాదది. ఆ చక్రం ఎవరి కిందికి పోయిందో తెలిసిన మనిషి మొహం. అందుకే బంటును రోడ్డు మీద వదిలేసి హారను కొట్టుకుంటూ పోయాడు, తన బిడ్డలాంటివాణ్ణి ఆపడానికి. అందుకే అతను పడేసరికి సరిగ్గా వెనకే ఉన్నాడు, కళ్ళారా చూశాడు. ఆ కన్నీళ్ళు నిజమే. ఆ సాక్ష్యమే అబద్ధం.

"ఎందుకు?" అన్నాడు లాన్‌ఫ్రాంకి. ఈసారి నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

అల్వీజే జవాబిచ్చాడు. "పియెవెత్తా తర్వాత నెవియో మారిపోయాడు సార్. రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాడు, 'ఆఖరి గీత దాటాక నాకు తెలిసిందంతా చెప్తా'నని. తాగి వాగుతున్నాడనుకున్నాం. ఏడేళ్ళు ఒరెస్తే వెనకే తిరిగినవాడు. సూది చూడకుండా ఉంటాడా? అది బయటపడితే ఒరెస్తే గెలిచిన పందేలన్నీ పోతాయి. ముసలాడు పాతికేళ్ళు కట్టుకున్న పేరంతా బూడిదే."

ఇవాళ పొద్దున అదే మాట నెవియో నాతో అన్నాడు. సాయంత్రం గీత దాటాక చెప్తానన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే కాదు.

"మీ రేడియో," అన్నాను లాన్‌ఫ్రాంకితో. "పందెం వెంట మీ మోటారు సైకిళ్ళున్నాయి. మా రేడియో కొండ దాటి పోదు. మీది పెట్టండి."

"ముందు ఒక మాట చెప్పండి, మారెషాల్లో. ఇది తప్పయితే..."

"తప్పయితే నా టోపీ మీకిచ్చేస్తాను, పెట్టండి!"

ఆయన జీపులోకి వంగి మీట తిప్పాడు. గరగర. తర్వాత ఒక కుర్ర పోలీసు గొంతు, హుషారుగా, వెనకాల జనం కేకలతో:

"...సాన్ జెనో శిఖరం దగ్గర. రైడర్లంతా మాట్లాడుకున్నారండీ. పోయిన నాయకుడి గౌరవం కోసం నెవియోనే ముందు గీత దాటనిస్తారట. గుంపు నెమ్మదించింది, అతణ్ణి ముందుకు పంపేశారు. ఎవరూ తరమడం లేదు. బాగా దూరం వెళ్ళిపోయాడు. వెనక వాళ్ళ జట్టు కారు ఒక్కటే ఉంది..."

"పియెవెత్తాలో ఇవ్వనిది ఇవాళ ఇచ్చారు," అన్నాడు అల్వీజే. అన్నాక, తనేమన్నాడో తనకే అర్థమైంది. గోడ మీంచి లేచి నిలబడ్డాడు. "సాన్ జెనో దిగుడు దీనికన్నా నిటారు సార్."

నేను మైకు కోసం చెయ్యి చాపాను. లాన్‌ఫ్రాంకి ఇవ్వలేదు. తనే నోటి దగ్గర పెట్టుకుని మీట నొక్కాడు. ఆ క్షణంలో ఆ మనిషి మీద నాకున్న కోపం పోయింది. "లాన్‌ఫ్రాంకి మాట్లాడుతున్నా! నెవియోని ఆపండి! ఏం చేసైనా ఆపండి!"

గరగర.

"...ఆగాడండీ, నెవియో ఆగాడు. పంక్చరేం కనబడలేదు. వెనక టైరు మెత్తబడిందని వాళ్ళ డైరెక్టరే ఆపించాడు. ఆయనే దిగి చక్రం మారుస్తున్నాడు. పాపం పెద్దాయన ఏడుస్తున్నాడండీ, చూస్తుంటే మాకూ..."

"చక్రం మార్చనివ్వకండి! వినబడుతోందా? పంపొద్దు వాణ్ణి!"

పొద్దున భుజం తట్టి పంపింది నేనే. ఆ చెయ్యి ఇప్పుడు జీపు తలుపు పట్టుకుని ఉంది, ఎందుకు పట్టుకున్నానో నాకే తెలీదు.

"ఎవరండీ? మళ్ళీ చెప్పండి, చప్పట్ల మధ్య ఏం వినబడటం లేదు," అంది రేడియో. "బయల్దేరిపోయాడు. దిగుతున్నాడు."